మందు మార్చినా నట్టలు చావడం లేదు: గొర్రె కడుపులో జరుగుతున్నది ఏమిటి?

మీరు అడిగినవి మూడు విషయాలు. అచ్చంపేట దగ్గర మీ ఇంటి మందకు ఏడాదికి మూడు సార్లు ఫెన్‌బెండజోల్ తాగిస్తున్నా వానాకాలం మధ్యకు వచ్చేసరికి గొర్రెలకు దవడ కింద నీరు దిగుతోందని, మందుల దుకాణంలో చెప్పినట్టు ఈసారి అల్బెండజోల్‌కు మార్చినా, ఆ తర్వాత మోతాదు రెట్టింపు చేసినా గుణం కనిపించలేదని రాశారు. అలా ఎందుకు జరుగుతోందన్నది మొదటి ప్రశ్న. గొర్రెకు ఏమీ చేయని మందు దాని కడుపులోని నట్టను ఎలా చంపుతుందన్నది రెండోది. బడిలో మీ తమ్ముడికి ఇచ్చే మాత్ర కూడా అల్బెండజోలే కదా, అది కూడా ఇలాగే పనికిరాకుండా పోతుందా అన్నది మూడోది. జీవరసాయన శాస్త్రం చదువుతున్నానని చెప్పారు కాబట్టి కొంచెం లోతుగానే రాస్తాను. ఈ మూడింటికీ జవాబు చాలావరకు ఒకే చోట, నట్ట పేగు కణంలోని ఒక ప్రోటీన్ దగ్గర ఉంది. అందువల్ల రెండో ప్రశ్నతో మొదలుపెట్టడం మేలు.

మీరు చెప్పిన లక్షణాలను బట్టి, అంటే పారుడు లేకపోవడం, కంటి పొర తెల్లబడటం, దవడ కింద వాపు సాయంత్రం మంద ఇంటికి వచ్చేటప్పుడు ఎక్కువగా కనిపించి తెల్లవారేసరికి కొంత తగ్గడం వంటి వాటిని బట్టి, మీ మందలో ఉన్నది ప్రధానంగా హీమాంకస్ కంటార్టస్ అనే నట్ట అయి ఉండాలి. ఇది గొర్రె నాలుగో పొట్టలో ఉంటుంది. చనిపోయిన గొర్రెను ఇంకా వేడి తగ్గకముందే కోసి, ఆ పొట్టను చీల్చి, లోపలి మేతను మెల్లగా నీటితో కడిగి చూడండి. రెండు నుంచి మూడు సెంటీమీటర్ల పొడవున, ఎర్రదారం తెల్లదారం కలిపి పేనినట్టుండే సన్నని పురుగులు గోడను పట్టుకుని కదులుతూ కనిపిస్తాయి. అవి ఆడ నట్టలు. ఎర్రగా కనిపించేది గొర్రె రక్తంతో నిండిన వాటి పేగు, దాని చుట్టూ మెలితిరిగిన తెల్లటి భాగం అండాశయం. మగవి ఇంకా చిన్నవి, అంతా ఒకే ఎరుపు. ఒక్కో నట్ట వల్ల గొర్రె రోజుకు సుమారు 0.05 మిల్లీలీటర్ల రక్తం కోల్పోతుంది. ఇది వినడానికి చాలా తక్కువ, కానీ వెయ్యి నట్టలుంటే రోజుకు 50 మిల్లీలీటర్లు పోయినట్టే. పాతిక కిలోల గొర్రె ఒంట్లో ఉండే రక్తమే లీటరున్నర, పోనీ లీటరు ముప్పావు. రక్తంతో పాటు ఆల్బుమిన్ కూడా పోతుంది. రక్తనాళాల్లో నీటిని పట్టి ఉంచేది ఆ ప్రోటీనే కాబట్టి అది తగ్గినప్పుడు నీరు బయటికి ఊరి, రోజంతా తల వంచి మేసే జీవానికి అన్నింటికన్నా కిందికి వచ్చే దవడ దగ్గర చేరుతుంది. రాత్రి దొడ్డిలో తల ఎత్తి పడుకున్నప్పుడు అది సర్దుకోవడం వల్లనే పొద్దున వాపు తగ్గినట్టు కనిపిస్తుంది. దాన్ని చూసి జబ్బు తగ్గుతోందని అనుకోకూడదు.

ఇంత రక్తం తాగే జీవికి దాన్ని అరిగించుకోవడమే పెద్ద పని. హీమోగ్లోబిన్‌ను ముక్కలు చేయడానికి నట్ట పేగు కణాలు అనేక రకాల ప్రోటియేజ్ ఎంజైములను వరుసగా వాడతాయి. కొన్ని పెద్ద గొలుసును నరుకుతాయి, కొన్ని చిన్న పెప్టైడ్‌లను తుంచుతాయి, పేగు గోడ అంచున ఉండే అమైనోపెప్టిడేజ్‌లు చివరి అమైనో ఆమ్లాలను ఒక్కొక్కటిగా విడదీస్తాయి. హీమోగ్లోబిన్‌లో ఇనుము ఉండే భాగమైన హీమ్ విషయం ఇంకా చిత్రమైనది. సూత్రపు పురుగుల జాతికి చెందిన సినోరాబ్డైటిస్ ఎలిగాన్స్ తన హీమ్‌ను తాను తయారు చేసుకోలేదని 2005లో తేలింది. హీమాంకస్‌లోనూ ఆ జన్యువుల వరుస లేదు. తనకు కావలసిన హీమ్‌ను బయటినుంచే సంపాదించుకోవలసిన జీవి రక్తం మీద బతకడంలో ఆశ్చర్యం లేదు.

ఇప్పుడు మందు దగ్గరకు వద్దాం. పేగు కణం తయారుచేసిన ఎంజైములు చిన్న సంచుల్లో నిండి, కణం లోపలినుంచి పేగు కుహరం వైపు ఉన్న అంచుకు చేరి, అక్కడ బయటికి విడుదల కావాలి. ఆ సంచులు ప్రయాణించే మార్గం మైక్రోట్యూబ్యూళ్లు. ఆల్ఫా, బీటా అనే రెండు రకాల ట్యూబ్యులిన్ ప్రోటీన్లు జతలుగా ఒకదాని వెంట ఒకటి చేరితే మైక్రోట్యూబ్యూల్ పెరుగుతుంది, విడిపోతే తరుగుతుంది. ఈ పెరగడం, తరగడం కణంలో ఎప్పుడూ సాగుతూనే ఉంటాయి. ఫెన్‌బెండజోల్, అల్బెండజోల్ బీటా ట్యూబ్యులిన్‌కు అతుక్కుని కొత్త జతలు చేరకుండా ఆపుతాయి. తరగడం మాత్రం ఆగదు. కొన్ని గంటల్లో పేగు కణంలోని మార్గాలు మాయమవుతాయి, ఎంజైము సంచులు గమ్యం చేరక కణం లోపలే పేరుకుపోతాయి. హీమాంకస్ మీద ఫెన్‌బెండజోల్‌తో చేసిన పరిశోధనల్లో, ఆ తర్వాత పేగు ముందు భాగంలోని కణాలు లోపలినుంచే శిథిలమవడం, వాటి డీఎన్‌ఏ ముక్కలు కావడం సూక్ష్మదర్శినిలో స్పష్టంగా చూశారు. ఒక్కమాటలో చెప్పాలంటే నట్ట తన జీర్ణరసాలకే బలవుతుంది. ఇదంతా జరగడానికి సమయం కావాలి. ఈ మందు దెబ్బకు నట్ట వెంటనే చావదు, రెండు మూడు రోజులు పడుతుంది. ఆ కాలమంతా మందు దాని చుట్టూ ఉండాలి. ఈ మాట గుర్తుంచుకోండి, మోతాదు గురించి మాట్లాడేటప్పుడు మళ్లీ వస్తుంది.

మరి గొర్రె కణాల్లోనూ ట్యూబ్యులిన్ ఉంది కదా? ఉంది, పైగా నట్ట ట్యూబ్యులిన్‌కు చాలా దగ్గరి పోలిక కలిగినదే. తేడా కొన్ని స్థానాల్లోనే ఉంది, వాటిలో ముఖ్యమైనది 200వ అమైనో ఆమ్లం. నట్టలో అక్కడ ఫినైల్ అలనైన్ ఉంటుంది. గొర్రెలో, మనిషిలో, ఇతర క్షీరదాల్లో టైరోసిన్ ఉంటుంది. మీరు నిర్మాణాలు గీసి చూస్తే తెలుస్తుంది, ఈ రెండింటి మధ్య తేడా ఒక్క ఆక్సిజన్ పరమాణువు. మందు నట్ట ప్రోటీన్‌కు గట్టిగా అతుక్కుని, గొర్రె ప్రోటీన్‌ను అంతగా పట్టకపోవడానికి ఇలాంటి సన్నని తేడాలే కారణం. అలాగని గొర్రె ట్యూబ్యులిన్‌ను అసలే తాకదని కాదు. కణాలు వేగంగా విభజన చెందే చోట, అంటే గర్భం నిలిచిన తొలి నెలలోని పిండంలో, అల్బెండజోల్ హాని చేయగలదు. కొత్తగా చూలు కట్టిన గొర్రెలకు అల్బెండజోల్ తాగించవద్దని పశువైద్యులు చెప్పేది అందుకే, ఫెన్‌బెండజోల్ విషయంలో ఆ భయం చాలా తక్కువ. మీరు మోతాదు రెట్టింపు చేసింది అల్బెండజోల్‌ది కాబట్టి, పొట్టేళ్లు కలిసే కాలంలో ఆ పని మళ్లీ చేయకండి.

ఇక మొదటి ప్రశ్నకు జవాబు పై పేరాలోనే సగం ఉంది. నట్ట బీటా ట్యూబ్యులిన్ జన్యువులో 200వ స్థానానికి సంబంధించిన సంకేతం డీఎన్‌ఏ అక్షరాల్లో టీటీసీ. మధ్యలోని టీ అక్షరం మారి ఏ అయితే టీఏసీ అవుతుంది, అంటే ఫినైల్ అలనైన్ బదులు టైరోసిన్ వస్తుంది. నట్ట ట్యూబ్యులిన్ ఆ ఒక్క చోట గొర్రె ట్యూబ్యులిన్‌లా తయారవుతుంది, మందు దాన్ని కూడా వదిలేస్తుంది. గొర్రెను మందునుంచి కాపాడుతున్న గుణాన్నే నట్ట కూడా సంపాదించుకుందన్న మాట. పరాన్నజీవుల అణుజీవశాస్త్రంలో ఇంత సూటిగా, ఇంత పొదుపుగా సాగిన పరిణామం నాకు తెలిసినంతలో మరొకటి లేదు. 167, 198 స్థానాల్లో వచ్చే మార్పులకూ ఇదే ఫలితం ఉంటుంది, కానీ ప్రపంచమంతటా హీమాంకస్‌లో ఎక్కువగా కనిపించేది 200వ స్థానపు మార్పే.

ఈ మార్పు మందు వల్ల పుట్టదు. ఒక ఆడ హీమాంకస్ రోజుకు 5,000 నుంచి 10,000 గుడ్లు పెడుతుంది. వెయ్యి నట్టల్లో సగం ఆడవైనా, ఆ గొర్రె ఒక్కటే రోజుకు పాతిక నుంచి యాభై లక్షల గుడ్లను మేత భూమి మీద వదులుతుంది. అన్ని లక్షల్లో ఎక్కడో ఒకదానిలో ఆ అక్షరం ముందే మారి ఉంటుంది. మందు చేసే పని మిగిలిన వాటిని తీసివేసి దానికి చోటు ఇవ్వడమే. పైగా ఈ నిరోధక గుణం చాలావరకు అంతర్గతమైనది. తల్లిదండ్రులిద్దరి నుంచీ మారిన జన్యువు వస్తేనే నట్ట మందును పూర్తిగా తట్టుకుంటుంది, ఒక్క ప్రతి మాత్రమే ఉన్నది మామూలు నట్టలాగే చస్తుంది. అందువల్ల మొదటి కొన్నేళ్లు మందు బాగానే పనిచేస్తున్నట్టు కనిపిస్తుంది, మారిన జన్యువు మాత్రం లోలోపల పెరుగుతూ ఉంటుంది. అది ఒక మేరకు చేరిన తర్వాత రెండు ప్రతులూ ఉన్న నట్టలు ఒక్కసారిగా ఎక్కువై, నిరుడు పనిచేసిన మందు ఈ ఏడు పనిచేయలేదన్న మాట వినిపిస్తుంది. ఫెన్‌బెండజోల్, అల్బెండజోల్ చేరిన ఈ మందుల కుటుంబంలో తొలిది థయాబెండజోల్, అది 1961లో వచ్చింది, 1964 నాటికే అమెరికాలో దాన్ని తట్టుకునే హీమాంకస్ బయటపడింది. ఇది మన దగ్గరే పుట్టిన కొత్త తలనొప్పి కాదు.

ఫెన్‌బెండజోల్ నుంచి అల్బెండజోల్‌కు మారడం వల్ల లాభం ఎందుకు లేదో ఇప్పుడు మీకే తెలిసి ఉంటుంది. సీసా మారింది, కంపెనీ మారింది, పేరు మారింది. అతుక్కునే చోటు మాత్రం మారలేదు. ఆక్స్‌ఫెండజోల్, మెబెండజోల్, రికోబెండజోల్ అన్నీ అదే కుటుంబం. నిజానికి ఫెన్‌బెండజోల్ గొర్రె కాలేయంలో ఆక్స్‌ఫెండజోల్‌గానే మారుతుంది, అల్బెండజోల్ మారితే వచ్చేదే రికోబెండజోల్. దుకాణంలో సీసా తీసుకునేటప్పుడు పెద్ద అక్షరాల పేరును కాక, కింద చిన్న అక్షరాల్లో ఉన్న మందు పేరు చదవండి. చివర ‘బెండజోల్’ అనో ‘ఫెండజోల్’ అనో ఉంటే మీరు పాత మందే కొంటున్నట్టు. ఇక రెట్టింపు మోతాదు సంగతి. రెండు ప్రతులూ మారిన నట్టకు మందు అతుక్కోవడమే బాగా తగ్గిపోయింది కాబట్టి మోతాదు రెండింతలు చేసినా అది చావదు, బలహీనమైనవి మరికొన్ని మాత్రం పోయి మిగిలిన గుంపు ఇంకా గట్టిపడుతుంది.

అయితే మందు పనిచేయని ప్రతిసారీ నట్టనే నిందించడం న్యాయం కాదు. మందు తాగించే తీరులో జరిగే పొరపాట్లు కూడా చాలానే చూస్తుంటాం. కంటితో చూసి బరువు అంచనా వేయడం అందులో మొదటిది. మందలో సగటు గొర్రెను చూసి మోతాదు కడితే బరువైన జీవాలన్నింటికీ తక్కువ మందు అందుతుంది. బరువు తూచి ఒక్కో జీవానికి విడిగా ఇవ్వలేనప్పుడు, ఒకే ఈడు, ఒకే పరిమాణం ఉన్నవాటిని వేరుచేసి ఆ గుంపులో బరువైన దాన్ని బట్టి మోతాదు నిర్ణయించాలి. రెండోది మందు పడే చోటు. నాలుక మీద, పెదవుల దగ్గర పోస్తే అన్నవాహిక చివర ఉండే గాడి మూసుకుని మందు పెద్ద పొట్టను దాటి నేరుగా కిందికి జారిపోవచ్చు; నాలుక వెనుక భాగంలో పోస్తే పెద్ద పొట్టలోకి వెళ్లి, మేతలో కలిసి, అక్కడినుంచి కొద్దికొద్దిగా విడుదలవుతుంది. ఈ కుటుంబపు మందుకు ఎక్కువ సేపు ఉండటమే ముఖ్యమని పైన చెప్పాను. అందుకే ముందు రోజు సాయంత్రం నుంచి మేత తగ్గించి పొద్దున తాగించడం, లేదా పన్నెండు గంటల తేడాతో రెండు సార్లు ఇవ్వడం, ఒకేసారి రెట్టింపు పోయడంకన్నా మంచి ఫలితమిస్తాయి. మందలో మేకలు కూడా ఉంటే వాటి లెక్క వేరు. మేక కాలేయం ఈ మందును త్వరగా విరిచేస్తుంది, గొర్రె మోతాదు దానికి చాలదు. గొర్రెలతో పాటు మేకలకు కూడా అదే కొలత పోయడం వల్ల నిరోధక నట్టలు ముందు మేకల్లో తయారై, ఆ తర్వాత అదే బీడులో మేసే గొర్రెలకు చేరడం మామూలే.

వేరే కుటుంబాల మందులు వేరే చోట పనిచేస్తాయి. లెవామిసోల్ నట్ట కండరాల మీద ఉండే ఎసిటైల్‌కోలిన్ గ్రాహకాలను తెరిచి ఉంచుతుంది. కండరం బిగుసుకుపోయి నట్ట పట్టు వదిలి మేతతో పాటు కొట్టుకుపోతుంది. ఇది గంటల్లో తేలే వ్యవహారం. అయితే గొర్రెకూ అలాంటి గ్రాహకాలు ఉన్నాయి, కాబట్టి లెవామిసోల్ మోతాదు మించితే జీవం చొంగ కారుస్తూ వణుకుతుంది. రెట్టింపు చేసే అలవాటు ఈ మందుతో అస్సలు పనికిరాదు. ఐవర్‌మెక్టిన్ గ్లుటమేట్‌తో తెరుచుకునే క్లోరైడ్ మార్గాలకు అతుక్కుని వాటిని మూసుకోనివ్వదు. నట్ట గొంతు కండరం చచ్చుబడి ఆహారం మింగలేదు. ఆ రకం మార్గాలు క్షీరదాల్లో లేవు, వాటిని పోలినవి మెదడులో ఉన్నా పి-గ్లైకోప్రోటీన్ అనే కాపలా మందును మెదడులోకి రానివ్వదు. ఆ కాపలా జన్యువులోనే లోపం ఉన్న కోలీ జాతి కుక్కలకు ఐవర్‌మెక్టిన్ ప్రమాదం తెస్తుంది. ఈ మందుకు మూలమైన పదార్థాన్ని జపాన్ మట్టిలోని సూక్ష్మజీవి నుంచి తీసిన సతోషి ఒమురాకు, విలియం కాంప్‌బెల్‌కు 2015లో నోబెల్ బహుమతి వచ్చింది. అయితే హీమాంకస్ చాలా దేశాల్లో ఐవర్‌మెక్టిన్‌ను కూడా తట్టుకుంటోంది. దానికి కారణమైన ముఖ్య భాగం 5వ క్రోమోజోమ్ మీద ఉందని జన్యుపటం సాయంతో గుర్తించారు.

మీ మందకు నేను ముందుగా ఆలోచించేది క్లోసాంటెల్. ఇది రక్తంలోని ఆల్బుమిన్‌కు గట్టిగా అతుక్కుని, సగానికి తగ్గడానికే సుమారు రెండు వారాలు తీసుకుంటుంది. రక్తం తాగని నట్టకు ఇది పెద్దగా అందదు, రక్తం తాగే హీమాంకస్‌కు, కార్జపు జలగకు తాగిన ప్రతి గుక్కలో అందుతుంది. లోపలికి చేరాక మైటోకాండ్రియా పొర మీద ప్రోటాన్ల తేడాను చెదరగొట్టి, కణానికి శక్తినిచ్చే ఏటీపీ తయారీని ఆపుతుంది. ఆక్సిడేటివ్ ఫాస్ఫోరిలేషన్ పాఠంలో డైనైట్రోఫినాల్ గురించి మీరు చదివినదే ఇక్కడ జరిగేది. గొర్రె మైటోకాండ్రియా కూడా అదే సూత్రం మీద నడుస్తుంది కాబట్టి ఇక్కడ భద్రత అంతా మోతాదులోనే ఉంది. కిలోకు 10 మిల్లీగ్రాములు దాటి పోస్తూ పోతే గొర్రెకు చూపు పోయే ప్రమాదం ఉంది. మాంసానికి అమ్మే ముందు ఎన్ని రోజులు ఆగాలో సీసా మీద చూడండి, ఇది ఒంట్లో చాలా కాలం నిలిచే మందు.

మైటోకాండ్రియా మాట వచ్చింది కాబట్టి, పరీక్షల్లో అడగకపోయినా మీకు పనికొచ్చే ఒక విషయం చెబుతాను. మనుషుల పేగులో ఉండే ఏలికపాము దాదాపు ఆక్సిజన్ లేని చోట బతుకుతుంది. అది గ్లూకోజ్‌ను ఫాస్ఫోఎనోల్ పైరువేట్ దాకా మనలాగే విరుస్తుంది, అక్కడినుంచి పక్కదారి పట్టి, కార్బన్ డయాక్సైడ్‌ను చేర్చుకుని ఆక్సలోఎసిటేట్, దాన్నుంచి మాలేట్ చేస్తుంది. మాలేట్ మైటోకాండ్రియాలోకి వెళ్లాక అందులో కొంత ఫ్యూమరేట్‌గా మారి, ఆపై సక్సినేట్ అవుతుంది. అంటే క్రెబ్స్ వలయంలోని ఒక అడుగు వెనక్కి నడుస్తుంది. అలా నడవాలంటే ఎలక్ట్రాన్లను అందించే క్వినోన్ కూడా వేరుగా ఉండాలి, యుబిక్వినోన్ ఆ పనికి చాలదు. ఏలికపాము రోడోక్వినోన్ వాడుతుంది. ఆ రోడోక్వినోన్‌ను పురుగులు ట్రిప్టోఫాన్ విరిగే కైన్యురెనిన్ మార్గం నుంచి తయారు చేసుకుంటాయని 2019లో తేలింది. కొత్త మందు కోసం వెతికేవారు ఇప్పుడు ఆ మార్గం వైపు చూస్తున్నారు. ప్రాజెక్టుకు విషయం వెతుక్కుంటుంటే ఇది మంచి విషయం.

మందు మార్చే ముందు మీరు చేయవలసింది పెంటికల పరీక్ష. ఒక పది, పదిహేను గొర్రెలకు గుర్తు పెట్టి, ఒక్కోదాని నుంచి తాజా పెంటికలు విడివిడిగా తీసి పశువైద్యశాలకు లేదా జిల్లా పశువ్యాధి నిర్ధారణ ప్రయోగశాలకు ఇవ్వండి. మూడు గ్రాముల పెంటికలను 42 మిల్లీలీటర్ల నీటిలో నలిపి, వడగట్టి, తేరిన మడ్డిని ఉప్పు బాగా కరిగించిన ద్రావణంలో కలిపి, గళ్లున్న గాజుపలక గదుల్లో పోస్తారు. గుడ్లు తేలికైనవి కాబట్టి పైకి తేలి గాజుకు అంటుకుంటాయి. రెండు గదుల్లో కనిపించిన గుడ్ల సంఖ్యను 50తో గుణిస్తే గ్రాముకు ఎన్నో తెలుస్తుంది. అదే రోజు తూచిన బరువుకు సరిపడా మందు తాగించి, పది నుంచి పద్నాలుగు రోజుల మధ్య అవే గొర్రెల పెంటికలు మళ్లీ ఇవ్వండి. గుడ్ల తగ్గుదల 95 శాతం కన్నా తక్కువగా ఉంటే ఆ మందుకు నిరోధకత ఉన్నట్టు లెక్క. ఒక జాగ్రత్త ఉంది. జలగల గుడ్లు బరువైనవి, ఉప్పునీటిలో తేలవు, వాటికి మడ్డిని అడుగుకు దింపి చూసే పరీక్ష వేరే చేయాలి. మీ వైపు మెట్ట బీళ్లలో ఇది అంతగా పట్టించుకోవలసిన విషయం కాకపోవచ్చు. వలసకు మందను కృష్ణ ఒడ్డుకో, సాగర్ ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, హాలియా మాగాణుల్లోకో తోలుకెళ్లే అలవాటు ఉంటే మాత్రం తప్పకుండా అడగండి. నత్తలుండే నీళ్ల పక్క గడ్డి మేసిన గొర్రెలకు కార్జపు జలగ వల్ల, పెద్ద పొట్టలో ఉండే జలగల వల్ల కూడా దవడ కింద నీరు దిగుతుంది, మామూలు మోతాదులో ఆ జలగల మీద ఫెన్‌బెండజోల్‌కు పట్టు లేదు. అప్పుడు లోపం నిరోధకతది కాదు, మందు ఎంపికది.

పరీక్ష చేయించినా చేయించకపోయినా ఒక అలవాటు మార్చుకోవాలని నా అభిప్రాయం. మన పాలమూరులో ఏప్రిల్, మే నెలల ఎండకు బీళ్ల మీద ఉన్న నట్ట పిల్లలు దాదాపు అన్నీ ఎండి చస్తాయి. ఆ సమయంలో ఊళ్లోని నట్టలన్నీ గొర్రెల కడుపులోనే ఉంటాయి. సరిగ్గా అప్పుడు మందలోని ప్రతి జీవానికీ మందు పోస్తే, బతికి మిగిలేవి మందును తట్టుకున్నవే. తొలకరి తర్వాత పచ్చిక మీద పడే గుడ్లన్నీ వాటివే. మందు తగలని నట్టలు కొన్ని మందలో మిగిలి ఉంటే వాటి సంతానం నిరోధక నట్టలతో కలిసి ఆ గుణాన్ని పలచన చేస్తుంది. అందువల్ల బలంగా ఉన్న పెద్ద గొర్రెలను కొన్నింటిని మందు పోయకుండా వదలడం మంచిది. కాపరికి ఈ మాట మింగుడుపడదు, మంద మొత్తానికి పోయకపోతే పోసినట్టే కాదని చాలామంది నమ్ముతారు. కంటి పొర చూసి నిర్ణయించే పద్ధతి వాళ్లను ఒప్పించడానికి పనికొస్తుంది. బొటనవేలితో కింది రెప్పను కిందికి నొక్కి, పగటి వెలుతురులో లోపలి పొరను చూడాలి. ముదురు ఎరుపుంటే ఆ జీవాన్ని వదిలేయవచ్చు, గులాబీ రంగు తేలిపోయి తెల్లబడితే మందు పోయాలి. దక్షిణాఫ్రికాలో ఈ పరీక్షకు ఐదు రంగుల పటం తయారుచేశారు. 4, 5 అంకెల వాటికి తప్పకుండా, పిల్లలకూ చూలు గొర్రెలకూ అయితే 3 నుంచే మందు ఇస్తారు. రక్తం తాగే నట్టకే ఇది వర్తిస్తుంది. వానాకాలంలో పది, పదిహేను రోజులకొకసారి చూస్తే చాలు.

బయటినుంచి కొన్న గొర్రెల విషయంలో మాత్రం వదిలేయడం ఉండకూడదు. 2017లో మొదలైన తెలంగాణ ప్రభుత్వ గొర్రెల పంపిణీ పథకంలో ఇరవై గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున వచ్చిన యూనిట్లలో పక్క రాష్ట్రాల నుంచి కొన్న జీవాలు ఉన్నాయి. సంతలో కొన్నా అంతే, అవి ఏ ఊరి నట్టలను కడుపులో పెట్టుకుని వచ్చాయో, వాటికి ఏ మందులు ఎన్నిసార్లు పోశారో కొన్నవారికి తెలిసే వీలు లేదు. రెండు వేర్వేరు కుటుంబాల మందులు ఇచ్చి, రెండు వారాలు దొడ్డిలోనే ఉంచి, ఆ పెంటికలను బీడు మీద వేయకుండా కుప్పవేసి, గుడ్ల పరీక్ష తర్వాతే మందలో కలపండి.

టీకా ఉందా అని మీరు అడగలేదు గానీ, మీ చదువుకు సంబంధించింది కాబట్టి రెండు మాటలు చెబుతాను. నట్ట పేగు గోడ మీది ప్రోటీన్లనే టీకాగా ఇస్తే గొర్రె రక్తంలో వాటికి ప్రతిదేహాలు తయారవుతాయి, నట్ట రక్తం తాగినప్పుడు అవి లోపలికి వెళ్లి పేగును పట్టుకుంటాయి. ఈ ఆలోచనతో చేసిన టీకా 2014లో ఆస్ట్రేలియాలో అమ్మకానికి వచ్చింది. దాన్ని ఇప్పటికీ గొర్రెల పొట్టల నుంచి సేకరించిన అసలు నట్టల నుంచే తీస్తారు. అదే ప్రోటీన్‌ను బ్యాక్టీరియాలో తయారు చేసినప్పుడు సరైన మడతలు, చక్కెర గొలుసులు రాక రక్షణ ఇవ్వలేదు. పైగా ఆ ప్రోటీన్లు గొర్రెకు సహజంగా ఎదురుపడేవి కావు కాబట్టి రోగనిరోధక జ్ఞాపకం తనంతట తాను బలపడదు, నట్టల కాలమంతా కొన్ని వారాలకొకసారి టీకా వేస్తూనే ఉండాలి.

చివరికి మీ తమ్ముడి మాత్ర. ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న బడుల్లో, అంగన్‌వాడీల్లో ఇచ్చే 400 మిల్లీగ్రాముల అల్బెండజోల్ పనిచేసే తీరు గొర్రెలో చెప్పినదే: ఏలికపాములు, కొంకి పురుగుల బీటా ట్యూబ్యులిన్‌కు అతుక్కోవడమే. కాబట్టి అదే మార్పు వాటిలోనూ రాగలదు. అమెరికాలో పందెపు కుక్కల కొంకి పురుగుల్లో 167వ స్థానపు మార్పుతో అలాంటి నిరోధకత ఇప్పటికే వచ్చింది. అయినా గొర్రెల మందకు, బడి పిల్లలకు పోలిక పూర్తిగా కుదరదు. బడిలో పిల్లలకే మాత్ర వేస్తారు, ఊళ్లోని పెద్దల్లో చాలామంది వేసుకోరు. మట్టిలో ఉన్న గుడ్లు, ఆ పెద్దల కడుపులోని పురుగులు మందు తగలని నట్టలుగా మిగులుతాయి. గొర్రె విషయంలో మనం చేతులారా వదలవలసింది ఇక్కడ దానంతట అదే మిగులుతోంది. మాత్ర వేసినా ఆరు నెలల్లో పురుగులు మళ్లీ కనిపిస్తే అందుకు కారణం ఎక్కువగా వట్టి కాళ్లతో నడవడం, బహిరంగ మలవిసర్జన, కడగని చేతులు, నిరోధకత కాదు. మీ గొర్రెల హీమాంకస్ పిల్లలకు అంటుతుందేమోనన్న భయం కూడా అక్కర్లేదు, అది మనుషుల్లో అత్యంత అరుదు.

బోదకాలు మందులో కూడా అల్బెండజోల్ ఉంటుందని విన్నానన్నారు, నిజమే. నల్లగొండ వైపు ఇంటింటికీ తిరిగి డీఈసీ మాత్రలతో కలిపి ఇచ్చింది అదే. అయితే బోదకాలు పురుగుకు ఇంకో బలహీనత ఉంది. దాని కణాల్లో వోల్బాకియా అనే బ్యాక్టీరియా కాపురం ఉంటుంది, అది లేకుండా పురుగు సంతానం కనలేదు, ఎక్కువ కాలం బతకనూ లేదు. బ్రూజియా మలయీ పురుగులోని వోల్బాకియా జన్యుపటం 2005లో వచ్చినప్పుడు, పురుగుకు చేతకాని హీమ్ తయారీ మార్గం ఆ బ్యాక్టీరియాలో ఉన్నట్టు కనిపించింది. అందుకే నాలుగు నుంచి ఆరు వారాలు డాక్సీసైక్లిన్ ఇస్తే బ్యాక్టీరియా చచ్చి, దాని వెనుక పురుగు కూడా మెల్లగా చస్తుంది. ఎనిమిదేళ్ల లోపు పిల్లలకు, గర్భిణులకు ఆ మందు ఇవ్వరు కాబట్టి ఊరంతటికీ పంచే వీలు లేదు, వైద్యుడు చూసి రాసిచ్చినవారే వాడాలి. మీ తమ్ముడికి బడి మాత్ర మానిపించకండి. నమిలి, నీళ్లతో మింగమని చెప్పండి. ఏడాది నిండి రెండేళ్ల లోపు ఉన్న పిల్లలు ఇంట్లో ఉంటే వాళ్లకు సగం మాత్ర పొడి చేసి నీటిలో కలిపి ఇస్తారు.